లెక్కలోకి రాని నేల

"గింజ నేనే లోతుగా వేసుంటాను," అన్నాడు నెస్టర్ ప్రొకోపిక్. "ముసలాణ్ణి. పొరపాటు పడ్డాను. రాసుకో అమ్మాయ్."

థోరా ఎంగెన్ ఏమీ రాసుకోలేదు. కాఫీ కప్పు బల్లమీద పెట్టి అతని చేతుల వంక చూసింది. డెబ్బై దాటిన చేతులు. వణుకు లేదు.

డిటెక్టివ్ పనిలోకి రాకముందు థోరా పంటల బీమా తరఫున వడగళ్ల నష్టం లెక్కగట్టేది. అబద్ధమాడే రైతులు ఆమెకు కొత్త కాదు. నష్టాన్ని పెంచి చెప్తారు, తప్పును తగ్గించి చెప్తారు. అడక్కముందే తప్పును నెత్తికెత్తుకునే రైతు తగలడం మాత్రం ఇదే మొదలు.

"ఎంత లోతు పెట్టారు పెద్దాయనా?"

"ముప్పావు అంగుళం."

"అది సరైన లోతే కదా."

"మరి జారిందేమో."

"ఒకటో పట్టీలో విత్తేటప్పుడు జారని డ్రిల్లు రెండో పట్టీలో జారిందా? గంట తేడాలో?"

"పాతది కదమ్మా. దానికీ మోకాళ్ల నొప్పులు."

పొయ్యి దగ్గర నిలబడ్డ డారియా చేతిలోని గరిటెను ఠపీమని గిన్నెలో పడేసింది. నెస్టర్ కూతురు ఆమె. థోరాను పిలిపించిందీ ఆమే. "నాన్నా, వాళ్లు నిన్ను దొంగ అంటున్నారు. నువ్వేమో మోకాళ్ల గురించి జోకులేస్తున్నావు."

"దొంగని కాదు. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. లోతు తప్పు నాది, గింజ మాత్రం కంపెనీదే. రెండూ నిజమే."

సంగతి ఇది. ఓస్ట్రా క్రీక్ రైతుల క్లబ్బు ఏటా వసంతంలో నెస్టర్ పొలంలో కనోలా పందెం పెడుతుంది. కనోలా అంటే ఆవాలకు దగ్గర చుట్టం. గింజ అంతే, పువ్వు అదే పసుపు. రెండు రకాల విత్తనం, విత్తడానికి ట్రాక్టరు వెనక కట్టే గొర్రుల్లాంటి రెండు డ్రిల్లులు, పక్కపక్కన నాలుగు పట్టీలు. ఒకటి, రెండు పట్టీలు నెస్టర్ తన పాత డ్రిల్లుతో వేశాడు. మూడు, నాలుగు అతని బావ ఎల్మర్ బ్రాండ్‌వోల్డ్ తన కొత్త డ్రిల్లుతో వేశాడు. మధ్యలో ఉన్న రెండింటిలోనూ, అంటే రెండు, మూడు పట్టీల్లో, ఈ ఏడు కొత్తగా వచ్చిన రకం పడింది. నీలం సంచుల కంపెనీ రకం. ఎల్మర్ వేసిన మూడో పట్టీ నేల కనపడకుండా మొలిచింది. నెస్టర్ వేసిన రెండో పట్టీ బట్టతల మీద వెంట్రుకల్లా లేచింది.

కంపెనీ మనిషి వచ్చి తవ్వాడు. గింజలు లోతున దొరికాయి, కంపెనీ గింజకు ఉండే నీలం పూత లేకుండా దొరికాయి. ఇంకేముంది, నెస్టర్ కంపెనీ గింజను పక్కన పెట్టేసి, నిరుటి పంటలోంచి దాచిన గింజ వేశాడన్నాడు. అలా దాచడం నేరమట. తన పొలంలో పండిన గింజను తను దాచుకుంటే నేరం! ఈ రోజు సాయంత్రం కర్లింగ్ హాల్లో, చలికాలం మంచుమీద రాళ్లు జార్చే ఆట ఆడే చోట, క్లబ్బు కూర్చుంటుంది. సభ కంపెనీ మాట ఒప్పుకుంటే నెస్టర్‌ను క్లబ్బు నుంచి తీసేస్తారు. అంతటితో పోదు. ఈ చుట్టుపక్కల ఏ విత్తనాల కొట్టూ ఆ ఇంటికి సంచీ అమ్మదు, డారియా పేరుమీద అడిగినా సరే. గింజ దొరకని రైతుకు భూమి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"విత్తిన రోజు సాయంత్రం మీరంతా ఎక్కడున్నారు?" అడిగింది థోరా.

"చర్చి హాల్లో," అంది డారియా. "పెరోగీలకు బంగాళాదుంప కూరి చుట్టే రోజు. ఊరు ఊరంతా పిండి చేతులతో అక్కడే ఉంది."

"డ్రిల్లులు?"

"పొలంలోనే వదిలేశాం. తాళాలు ట్రాక్టర్లలోనే. ఇక్కడెవరు తీస్తారు?"

"హాలుకి ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అన్నాడు నెస్టర్.

మాట మరీ తొందరగా వచ్చింది. డారియా తండ్రి వంక తిరిగింది, ఏదో అనబోయింది. అతను కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాడు. అప్పటికి కలపడం అది మూడోసారి.

థోరా లేచి పార అడిగింది.

* * *

కర్టిస్ పెల్ ఆమెకంటే ముందే పొలంలో ఉన్నాడు. నీలం సంచుల కంపెనీ తరఫు డిటెక్టివ్. తెల్ల పికప్పు, ఉతికిన చొక్కా. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బీమా ఆఫీసులో పనిచేశారు. వడగళ్లు ఒక్కటే, లెక్కలు మాత్రం ఎప్పుడూ కలిసేవి కావు.

"రండి థోరా గారూ. పారతో వచ్చారా? తవ్వేదంతా నేను తవ్వేశానే."

"మీరు తవ్విన చోట మీకు కావలసింది దొరికింది. నేను తవ్విన చోట నాకేం దొరుకుతుందో చూద్దామని."

"నాలుగు చోట్ల తవ్వాను. నాలుగు చోట్లా రెండంగుళాల పైనే లోతు. గింజకు పూత లేదు. ఇంకేం కావాలి?"

"తడిలో మూడు వారాలు నానితే మీ పూత నిలుస్తుందా?"

"అది ల్యాబు చెప్తుంది."

"ఎవరి ల్యాబు?"

పెల్ నవ్వాడు. "మీరేం మారలేదు."

"మీరు మారారు. అప్పట్లో బూట్లకు మట్టి అంటేది."

థోరా రెండో పట్టీ వెంట మెల్లగా నడిచింది. మొలకలు పలచగా ఉన్నాయి, నిజమే. కానీ ఆ పలచదనంలో ఏదో కంటికి తగిలింది. నాలుగడుగులు వెనక్కి వేసి, పట్టీకి అడ్డంగా నిలబడి చూసింది. ఐదు సాళ్లు దాదాపు ఖాళీ. ఆరో సాలు నిండుగా. మళ్లీ ఐదు ఖాళీ, మళ్లీ ఒకటి నిండుగా.

"పెల్ గారూ, ఏ సాళ్లు మొలిచాయో గమనించారా?"

"అక్కడక్కడా మొలిచాయి. చెడ్డ గింజ అలాగే మొలుస్తుంది."

"చెడ్డ గింజకు లెక్కలు రావు. ఇక్కడెవరో ఎక్కం అప్పజెప్పినట్టుంది."

పెల్ గడియారం చూసుకున్నాడు. "రెండింటికల్లా ఈ పట్టీని తిరగదున్ని మళ్లీ విత్తేస్తున్నారు. అదును దాటిపోతోంది. క్లబ్బు అధ్యక్షుడు సరేనన్నాడు."

"సాయంత్రం సభ ఉండగా? సాక్ష్యాన్ని దున్నేస్తారా?"

"సాక్ష్యం నా దగ్గర సంచుల్లో భద్రంగా ఉంది."

"మీ సాక్ష్యం మీ దగ్గరుంది. నెస్టర్ సాక్ష్యం నేలలో ఉంది."

"నెస్టర్‌దే అయితే నెస్టర్ ఎందుకు మాట్లాడడు?" పెల్ గొంతు తగ్గించాడు. "చూడండి, ఈ ముసలాయనతో మాకు పగ లేదు. ఒక్క గాదె తెరిపిస్తాం, నమూనా తీసుకుంటాం. అంతే."

"ఒక్క గాదెతో మొదలవుతుంది. తర్వాత క్లబ్బులో ప్రతివాడి గాదె ముందూ మీ బండి ఆగుతుంది. అసలు పని అది కాదా?"

"నియమం నియమమే కదా."

"గింజ మొలిస్తే మీ గొప్ప. మొలవకపోతే రైతు దొంగ. బావుంది మీ నియమం."

పెల్ పికప్పు ఎక్కాడు. తలుపు వేసుకుంటూ, "రెండింటికి," అన్నాడు మళ్లీ.

* * *

పట్టీ మొదట్లో రెండు గుంజలు పాతి ఉంటాయి. ఒకటి దారి పక్కన, విత్తడం మొదలైన చోట. ఇంకొకటి డ్రిల్లు పొడుగంత దూరం లోపల. ఆ రెండు గుంజల మధ్య నేలను ఎవరూ లెక్కపెట్టరు. మొదట్లో గింజ సరిగా పడదు, ఒకచోట ముద్దగా, ఒకచోట ఖాళీగా ఉంటుంది; అందుకని రెండో గుంజ దాటాకే మొలకలు ఎంచాలని క్లబ్బు పెట్టుకున్న కట్టుబాటు. ఎంతగా అలవాటైపోయిందంటే ఆ ముక్క వైపు ఎవరూ కన్నెత్తి కూడా చూడరు. పెల్ బూటు గుర్తులు కూడా రెండో గుంజ దగ్గరే మొదలయ్యాయి.

థోరా బీమా పనిలో ఒకటి నేర్చుకుంది. మనుషులు దేన్ని చూడొద్దని ఒప్పందం చేసుకుంటారో ముందు దాన్నే చూడాలి.

ఆమె దారి వైపు నడిచింది. రెండో గుంజ దాటగానే ఆగిపోయింది.

పచ్చగా ఉంది.

రెండో పట్టీ ఆ కాస్త ముక్కలో కడుపునిండా మొలిచింది. ప్రతి సాలూ మొలిచింది. సాలు సాలుకీ మొదట్లో ఒక గుత్తి, చిటికెడు ఆవాలు ఒకేచోట ఒలకబోసినట్టు ఒత్తుగా. థోరా ఒకటో పట్టీ మొదలుకు వెళ్లింది. అక్కడా అవే గుత్తులు. అది నెస్టర్ చేతి అలవాటు, గుత్తుల్ని చూస్తేనే తెలిసిపోతోంది. బండి కదలకముందే కిందికి దిగి, గింజలు వదిలే రాట్నాన్ని చేత్తో అర చుట్టు తిప్పుతాడు. గింజ గొట్టాల్లోంచి పళ్ల దాకా వచ్చాకే కదులుతాడు. మొదటి అడుగు కూడా ఖాళీ పోకూడదన్నది అతని పట్టుదల.

మోకాళ్ల మీద కూర్చుని ఒక గుత్తి పక్కన మట్టిని వేలితో గోకింది. మొలవని గింజలు ఎండిన పెల్ల కింద ఉన్నాయి. పైపైన, ముప్పావు అంగుళం లోతున. అక్కడికి తడి చేరలేదు.

నీలంగా ఉన్నాయి.

కంపెనీ గింజ. సరైన లోతు. నెస్టర్ చెయ్యి. మూడూ ఒకే గుత్తిలో దొరికాయి.

మరి రెండో గుంజ దాటాక ఏమైంది? థోరా అక్కడ పట్టీకి అడ్డంగా కందకం తవ్వింది. పక్కగోడను చేత్తో నునుపు చేసి చూసింది. డ్రిల్లు పళ్లు నడిచిన చోట అడుగు గట్టిపడుతుంది. పైన వాన పడినా గాలి వీచినా ఆ గట్టి గీత పోదు. పై వరసలో గీతలు పది అంగుళాలకొకటి ఉన్నాయి. అది నెస్టర్ డ్రిల్లు. వాటికింద, ఇంకా లోతున, మరో వరస. పన్నెండు అంగుళాలకొకటి.

ఎవరో దీనిమీద ఇంకో డ్రిల్లు నడిపారు. గింజ లేకుండా, పళ్లు లోతుగా దించి. పెరోగీలు చుట్టిన సాయంత్రం, ఊరంతా పిండిలో చేతులు పెట్టినప్పుడు. మొలకెత్తాల్సిన గింజను అడుక్కి తొక్కేశారు. పదికీ పన్నెండుకీ కలవని చోట, ఆరు సాళ్లలో ఒక్కటి, రెండు పళ్ల మధ్య నడిమిన చిక్కుకుని బతికి బయటపడింది. అదీ ఎక్కం.

పన్నెండు అంగుళాల డ్రిల్లు ఆ పొలంలో ఒక్కటే. ఎల్మర్‌ది. కానీ తాళాలు ట్రాక్టర్లలోనే ఉన్నాయి. ఎవరైనా ఎక్కి ఉండొచ్చు.

థోరా నిలబడి నడుం వెనక్కి విరుచుకుంది. అప్పుడు కంటపడింది అసలుది. పక్కనున్న మూడో పట్టీ, ఎల్మర్ వేసినది, మొదట్లో బోసిగా ఉంది. దారి దగ్గర్నుంచి రెండో గుంజ దాకా ఒక్క మొలక లేదు. అంటే ఎల్మర్ నిలబడి మొదలెట్టే మనిషి కాదు. బండి పోనిస్తూ పోనిస్తూ డ్రిల్లు దించుతాడు. మూడో పట్టీలో పచ్చదనం ఎక్కడ మొదలైందో, రెండో పట్టీలో పచ్చదనం సరిగ్గా అక్కడే ఆగిపోయింది. తాడు పట్టుకుని గీసినట్టు ఒకే వరస.

డ్రిల్లును ఎవరైనా దొంగిలించొచ్చు. చేతి అలవాటును ఎవరు దొంగిలిస్తారు?

* * *

రెండు కాకముందే ట్రాక్టరు చప్పుడు వినబడింది. దాని వెనక, రెక్కలు మడుచుకున్న కొంగలా, పన్నెండు అంగుళాల డ్రిల్లు. దారి మలుపు తిరిగి రెండో పట్టీకి ఎదురుగా వచ్చింది. థోరా కందకం దగ్గర్నుంచి నడిచి, ఆ పచ్చటి ముక్క మధ్యలో నిలబడింది.

ట్రాక్టరు కదులుతూనే ఉంది. డ్రిల్లు ఇంకా పైకే ఉంది.

ఆమె కదల్లేదు. చేతులు కూడా ఊపలేదు.

ఇంక నాలుగు బారలుందనగా ఆగింది. ఎల్మర్ బ్రాండ్‌వోల్డ్ తలుపు తీసి బయటికి తొంగిచూశాడు. బొద్దుగా, ఎర్రగా, ఎండకు తోలూడిన ముక్కుతో.

"తప్పుకోమ్మా! పనుంది నాకు."

"ఏం పని ఎల్మర్ గారూ?"

"తిరగదున్నడం. అధ్యక్షుడు చెప్పాడు."

"అధ్యక్షుడు దున్నమన్నాడు. మీ డ్రిల్లుతోనే దున్నమని ఎవరన్నారు? పాత గీతల మీద కొత్త గీతలు పడాలనా?"

ఎల్మర్ ఇంజను ఆపాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక ముందు కందకం చూశాడు. తర్వాత ఆమె కాళ్ల దగ్గరున్న గుత్తులు చూశాడు. తర్వాత టోపీ తీశాడు.

"ఈ ముక్క ఎవరూ చూడరే," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"మీరూ చూడలేదు. అందుకే మిగిలింది. ఎందుకు చేశారు?"

"చలికాలంలో కర్లింగ్ హాల్లో నిరుటి పందెం ఫలితాలు చదివారమ్మా. నాలుగేళ్లు ఎదురుచూసి కొన్న డ్రిల్లు. మా బావమరిది తాతల నాటి డొక్కు దాన్ని ఓడించింది. నవ్వారు. నవ్వితే నవ్వారు, పేరు పెట్టారు. రాణిగారి పల్లకీ అట! సోడా తాగుతున్నా పల్లకీ, సామాన్ల షాపుకెళ్లినా పల్లకీ, చివరికి చర్చిలో ఫాదరు కూడా, పల్లకీ బాగుందా ఎల్మర్ అన్నాడు." మట్టిలోకి చూస్తూ చెప్తున్నాడు. "వాడి డ్రిల్లు ఓడాలనుకున్నాను. వాడు ఓడాలనుకోలేదు. మొలకలు పలచగా వస్తాయి, ఈసారి వాణ్ణి చూసి నవ్వుతారు, అంతే అనుకున్నా. ఈ దొంగ గింజల గోల వస్తుందని నాకెట్లా తెలుస్తుంది?"

"వచ్చాక తెలిసింది కదా. అప్పుడైనా నోరు విప్పాల్సింది."

"విప్పబోయాను. ఆ పెల్ ముందే వచ్చాడు."

"ఎప్పుడు?"

"తవ్విన రోజునే. టేపు పెట్టి కొలిచాడు. పన్నెండు అంగుళాలు ఎల్మర్, నీ డ్రిల్లే కదా అన్నాడు. భయపడకు, నీ పేరు బయటికి రాదు, నేను చెప్పిన రోజున దీన్ని నువ్వే దున్నెయ్ అన్నాడు."

అంటే పెల్‌కు మొదటినుంచీ తెలుసు. గింజ కంపెనీదేనని తెలుసు, నెస్టర్ దొంగ కాదని తెలుసు. తెలిసే గాదెల తాళాలు అడుగుతున్నాడు. ఒక బావ ఉక్రోషం వాళ్లకు ఊరి మొత్తం మీద తాళంచెవి అయింది.

"ఎల్మర్ గారూ, నేను ఫొటోలు తీశాను. కానీ పెల్ వాటిని నమ్మనివ్వడు. నేలను హాలుకు తీసుకెళ్లలేం. హాలే ఇక్కడికి రావాలి. సభ ఈ పట్టీ మీద జరగాలి, మీరు నిలబడి చెప్పాలి. చెప్తారా? లేక ఆ ట్రాక్టరు ఎక్కుతారా?"

ఎల్మర్ టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పాడు. "మా ఆవిడ నెస్టర్ చెల్లెలు. అన్న మీద ఈగ వాలినా ఏడుస్తుంది. ఇది తెలిస్తే నన్ను..." ఆగిపోయాడు. దారి మీద ఎవరో నడిచి వస్తున్నారు.

నెస్టర్. వెనకాల డారియా. ఆమె ముఖం కందిపోయి ఉంది. దార్లోనే ఏదో గొడవ అయినట్టుంది. నెస్టర్ మాత్రం చర్చికి వెళ్లేవాడిలా నింపాదిగా వచ్చి, పట్టీ మొదట్లో ఆగి, తన గుత్తుల్ని ఒకసారి చూసుకున్నాడు. కందకంలోకి మాత్రం చూడలేదు. అందులో ఏముందో అతనికి చూపించాల్సిన అవసరం లేదని థోరాకు అప్పుడు అర్థమైంది. పెరోగీల సాయంత్రం హాలుకు ఆలస్యంగా వచ్చిందెవరో, చక్కెర మూడుసార్లు ఎందుకు కలిపాడో కూడా.

"నీకు ముందే తెలుసా నాన్నా?" అంది డారియా. "నిన్ను దొంగంటుంటే తెలిసీ ఊరుకున్నావా?"

"దొంగని కాదని చెప్తూనే ఉన్నాగా. మిగతాది ఇంటి సంగతి."

ఎల్మర్ ట్రాక్టరు దగ్గరికి వెళ్లి, తాళంచెవి పీకి, థోరా చేతిలో పెట్టాడు. "హాలుకు ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు. "అందర్నీ ఇక్కడికే రమ్మను. నేనే చెప్తాను."

దూరంగా పెద్దదారి మీద తెల్ల పికప్పు ఇటు తిరిగింది. వెనక దుమ్ము లేస్తోంది. థోరా తాళంచెవిని పిడికిట్లో బిగించి, పచ్చటి ముక్క మధ్యనే నిలబడింది.

నెస్టర్ వంగి, ఒక గుత్తి పక్కన గోకిన మట్టిని మళ్లీ సర్ది, చేత్తో తట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"బావా, డ్రిల్లు ఆలస్యంగా దించుతావని నలభై ఏళ్లుగా చెప్తున్నాను. ఒక్కనాడైనా విన్నావా?"